నోరులేని రోగి: శస్త్రచికిత్స పొందిన ఇగ్వానాకు ఇంటియందు శుశ్రూష

బల్లి యనగానే మనలో పెక్కుమందికి ఒడలు జలదరించును. మీద పడిన బల్లికి ఫలమేమో పంచాంగములో వెదకుటయు, కంచి వరదరాజస్వామి కోవెలలోని బంగారుబల్లిని తాకి దోషము బాపుకొనుటయు మన యిండ్లలో ఎరిగిన ఆచారములే. అట్టి మనకు బల్లిజాతి జీవమునకు పథ్యమమర్చి, దినమునకు రెండుమారులు దాని గాయమును పరీక్షించి, రాత్రివేళ చలి తగులకుండ కనిపెట్టియుండుట వింతగా తోచవచ్చును. అయినను అమెరికా మున్నగు దేశములలో ఇగ్వానా యను పెద్దబల్లిని ఇండ్లలో పెంచువారు కలరు. మన నగరములలోను అక్కడక్కడ పెంచుచున్నారు. పెంచలేక ఒకరు విడిచిన దానిని దయతలచి చేరదీయు మరియొక యిల్లాలును కలదు. అట్లు చేరదీసిన జీవమునకు కడుపు కోసి చికిత్స చేయవలసివచ్చినచో, వైద్యుల పని కొన్ని గంటలలో ముగియును. ఇల్లాలి పని ఆరు వారములు సాగును. ఆ యారు వారముల పనిని గూర్చియే యీ వ్యాసము.

ఇగ్వానా స్వభావము

పచ్చ ఇగ్వానా మెక్సికో మొదలు బ్రెజిలు, పరాగ్వే దేశముల వరకు గల ఉష్ణప్రదేశములలో, ఏటి యొడ్డుల చెట్లపై నివసించు జంతువు. పుట్టినది మొదలు ఆకులు, పూలు, పండ్లు తిని బ్రతుకు శాకాహారి. అంగడిలో అమ్మునాటికి జానెడు పొడవుండి, చిలుకపచ్చ రంగుతో చూడముచ్చటగా నుండును. కొన్ని యేండ్లలో తోకతో కూడ ఐదారడుగులు సాగును. తొండ ముదిరి ఊసరవెల్లి యగునని మనము సామెతగా చెప్పుకొందుము. ఈ జంతువు తొండవలె ఇంటికి వచ్చి ఉడుమును మించి పెరుగును. చక్కగా చూచుకొన్నచో 15 మొదలు 20 సంవత్సరములు జీవించును. దానికి చిన్నగదియంత పంజరము, ఎండను పోలిన దీపములు, దినదినమును తాజా ఆకుకూరలు కావలెను.

ఈ సంగతులు తెలియక పిల్లవాని ముచ్చట తీర్చుటకు తెచ్చినవారికి రెండుమూడేండ్లలోనే అది బరువగును. కొందరు దానిని ఊరి వెలుపల విడుతురు. ఫ్లోరిడా రాష్ట్రములో అట్లు విడువబడినవియు, తప్పించుకొన్నవియు పిల్లల కని విస్తరించి తోటలను తినివేయుచు, కాలువగట్లలో బొరియలు త్రవ్వుచుండుటచే, 2021వ సంవత్సరమున అచటి ప్రభుత్వము వానిని నిషిద్ధ జంతువుల పట్టికలో చేర్చినది. మరికొందరు శరణాలయములకు గాని, దయగల పొరుగువారికి గాని అప్పగింతురు. ఇట్లు చేతులు మారి వచ్చు జంతువులలో చాలవాటికి తగిన వెలుతురును మేతయు లేక ఎముకలు మెత్తబడి యుండును. దవడ ఉబ్బియో, కాళ్లు వంకరపోయియో యుండును. శస్త్రచికిత్సకు పోవునాటికే అది దుర్బలమైన రోగియని మనము గుర్తుంచుకొనవలెను.

ఆడదానికి వచ్చు గండము

ఆడ ఇగ్వానా ఈడు వచ్చిన పిమ్మట, మగదాని పొత్తు లేకున్నను, కోడిపెట్టవలెనే గ్రుడ్లను కూర్చుకొనును. ఒక్కమారు 20 మొదలు 70 వరకు గ్రుడ్లు ఉండవచ్చును. అడవిలోనైనచో మెత్తని మట్టిలో బొరియ త్రవ్వి పెట్టును. పంజరములో మట్టి లేదు, మరుగు లేదు, ఒంటిలో కాల్షియము లేదు. అప్పుడు గ్రుడ్లు కడుపులోనే నిలిచిపోవును. లేదా పెంకు పట్టక మునుపే అండకోశమునందు పెరిగి ఆగిపోవును. మగతోడు నెరుగని జంతువు గ్రుడ్ల వలన చచ్చునా యని తలచుటచే ప్రాణము పోగొట్టుకొన్నవి ఎన్నియో కలవు.

ఇక్కడ ఒక సూక్ష్మము కలదు. గ్రుడ్లు పెట్టబోవు ఆరోగ్యమైన ఇగ్వానా కూడ కొన్ని వారములు మేత మానును. అయినను అది చురుకుగా తిరుగుచు, నేలను గీరుచు, చోటు వెదకుచుండును. వ్యాధి గలది మేత మానుటయే గాక కదలిక కూడ మానును; కండ్లు మూసికొని పడియుండును; తోక మొదట ఎముకలు తేలును; కడుపు మాత్రము ఉబ్బియుండును. మేత మానినది చురుకుగా నున్నచో త్రవ్వుకొనుటకు మట్టి నమర్చి వైద్యులకు తెలుపవలెను. మేత మానినది సోలిపోయినచో ఆ దినముననే వైద్యశాలకు కొనిపోవలెను.

కుక్కలకు, పశువులకు వైద్యము చేయు వారందరును సరీసృపములకు చేయజాలరు. సరీసృప, ఉభయచర వైద్యుల సంఘ మొకటి అమెరికాలో కలదు. దాని సభ్యులను వెదకి పోవుట మేలు. వారు ఛాయాచిత్రముల వలన గ్రుడ్ల స్థితి నెరిగి, కొన్ని దినములు వేడి, నీరు, కాల్షియముతో ఒంటిని బలపరచి, పిమ్మట మత్తునిచ్చి అండకోశములను, గర్భనాళములను తీసివేయుదురు. కడుపు నడుమ చర్మము క్రిందనే పెద్ద రక్తనాళ మొకటి యుండుటచే దానిని తప్పించి కోయుదురు. ఒకప్పుడు బల్లులను మంచుగడ్డలతో చల్లబరచి, కదలకుండ చేసి కోయు పద్ధతి యుండెను. చలిచే కదలిక మానునేగాని బాధ మానదని తెలిసిన పిమ్మట ఆ క్రూరమైన పద్ధతిని వైద్యులు విడనాడిరి. మీ వైద్యులు మత్తును గూర్చియు, నొప్పి తగ్గించు మందును గూర్చియు ఏమి చేయుదురో ముందుగా అడిగి తెలిసికొనుటకు సంకోచింపకుడు.

వెచ్చదనమే మొదటి మందు

మన దేహము తన వేడిని తానే పుట్టించుకొనును. ఇగ్వానా దేహ మట్లు కాదు. వెలుపలి వేడియే దాని వేడి. చుట్టును చల్లబడినచో దాని కడుపులోని ఆకు జీర్ణము కాదు, ఇచ్చిన మందు రక్తములో సరిగా నడువదు, గాయము మానదు, రోగక్రిములతో పోరాడు శక్తియు తగ్గును. మందులెంత మంచివైనను చలిగదిలో నున్న ఇగ్వానాకు అవి పనిచేయవు. అందుచే వైద్యశాలనుండి వచ్చునాటికే పంజరము వెచ్చగా సిద్ధమై యుండవలెను.

పంజరములో ఒకవైపు దీపము క్రింద 35 మొదలు 38 సెంటిగ్రేడు డిగ్రీల వేడియు, తక్కిన చోట 27 మొదలు 32 వరకును ఉండవలెను. రోగి రాత్రులందు 27 డిగ్రీలకు తగ్గకుండ చూచుట మంచిది. చేతితో తాకి వెచ్చగా నున్నదని తృప్తిపడరాదు; రెండు చోట్ల రెండు ఉష్ణమాపకములు ఉంచి చదువవలెను. అంతటను ఒకే వేడి యుండుట కూడ తగదు. వేడి యెక్కువైనప్పుడు తొలగి పోవుటకు కొంచెము చల్లని చోటు కావలెను. వేడిరాయి యని అంగడిలో అమ్ము వస్తువును వాడకుడు. ఇగ్వానా తన పొట్ట కాలుచున్నదని వెంటనే గ్రహింపలేదు. కుట్లు వేసిన పొట్టకు ఆ రాయి శత్రువు. దీపములను జంతువు ఎక్కి తాకజాలని యెత్తున, వల వెనుక నుంచవలెను.

వేడిదీపముతో పాటు అతినీలలోహిత కిరణములనిచ్చు గొట్టపు దీప మొకటి వేరుగా నుండవలెను. ఆ కిరణములు చర్మముపై పడినగాని విటమిను డి తగినంత పుట్టదు; అది లేనిదే కాల్షియము ఎముకలకు చేరదు. కిటికీ యద్దము ఆ కిరణములను అడ్డగించును గనుక అద్దము వెనుకనుండి వచ్చు ఎండ చాలదు. దీపము వెలుగుచున్నను కొన్ని నెలలకు ఆ కిరణములు క్షీణించును. అందుచే తయారుచేసినవారు చెప్పిన గడువునకు క్రొత్తది మార్చవలెను.

పడకయు, గాయమును

గాయము మానువరకు పంజరములో ఇసుక, మట్టి, చెక్కపొట్టు ఉంచరాదు. అవి కుట్లలో చేరి చీము పట్టించును. తెల్లని కాగితము గాని, ఉదికిన మెత్తని గుడ్డ గాని పరచి, మలినమైన వెంటనే మార్చవలెను. తెల్లకాగితముపై రక్తపు చుక్కయైనను, విరేచనపు మార్పైనను వెంటనే కనబడును. ఇగ్వానాకు కొమ్మలెక్కుట పుట్టుకతో వచ్చిన గుణము. మొదటి వారములలో ఎత్తైన కొమ్మలు తీసివేసి, నేలకు దగ్గరగా ఒక దుంగనో, మెట్టునో ఉంచిన చాలును. ఎత్తునుండి దూకి కుట్లు తెగుట మిక్కిలి అపాయము.

సరీసృపముల చర్మము మెల్లగా అతుకును. మనకు పది దినములలో కుట్లు తీయుదురు. ఇగ్వానాకు 4 మొదలు 6 వారముల వరకు ఉంచుదురు. కొందరు వైద్యులు అది కుబుసము విడుచువరకు ఆగుదురు. కుట్టినచోట చర్మపు అంచులు పైకి తిరిగి గట్టువలె కనబడును. అట్లు వెలుపలికి తిప్పి కుట్టుటయే వారి పద్ధతి గనుక దానిని చూచి బెదరవలదు. గాయముచుట్టు పొరలు లేచినను గిల్లి తీయరాదు.

ఉదయము, సాయంకాలము ఒకే వెలుతురున గాయమును చూడవలెను. ఎరుపు, వాపు, తడి, దుర్వాసన, కుట్టు వదులగుట కనబడినచో ఆలస్యము చేయరాదు. ఇంకొక సంగతి. మన గాయములలో చీము ద్రవమై కారును. బల్లిజాతి గాయములలో చీము జున్నువలె గట్టిపడి గడ్డగా నిలుచును. అందుచే ఏమియు కారుటలేదని నిశ్చింతగా నుండరాదు. కుట్ల క్రింద గట్టి గడ్డ చేతికి తగిలినచో వైద్యులకు చూపవలెను. పసుపు, నూనె, వెన్న, మనుష్యులకు వాడు లేపనములు తమంతట తాము పూయరాదు. మన గాయమునకు మంచిదైన పసుపు కూడ వైద్యుల అనుమతి లేనిదే ఈ గాయమునకు వలదు.

ఆరోగ్యముగా నున్న ఇగ్వానాకు గోరువెచ్చని నీటిలో స్నానము ప్రీతి. నీటిలోనే త్రాగును, నీటిలోనే విసర్జించును. కాని కుట్లు నానినచో క్రిములు చేరును గనుక వైద్యులు సెలవిచ్చువరకు తొట్టిస్నానము మానవలెను. ఆ కొరత తీరుటకు ఆకులపై నీరు చిలుకరించి పెట్టుటయు, గాలిలో తేమ తగ్గకుండ చూచుటయు, నోటియంచున చుక్క చుక్కగా నీరందించుటయు చేయవలెను.

పథ్యము

మత్తు వదలిన మరునాడే అది మేత మేయునని ఆశపడరాదు. కొన్ని దినములు తినకుండుట కలదు. నీరు మాత్రము లోనికి పోవుచుండవలెను. వంటింటి త్రాసువంటి చిన్నత్రాసు నొకదానిని ప్రత్యేకముగా నుంచి, రెండు దినములకొకమారు ఒకే వేళకు తూచి, గ్రాములలో వ్రాసియుంచుడు. మన కంటికి కనబడని క్షీణత ఆ కాగితముపై కనబడును. బరువు పదింట ఒకవంతు తగ్గినచో వైద్యులతో చెప్పవలెను. వారు శాకాహార సరీసృపముల కొరకు చేసిన పొడిని నీటిలో కలిపి, సూదిలేని పిచికారితో పెట్టు విధము చూపుదురు. నోటి ప్రక్కనుండి కొంచెము కొంచెముగా, మ్రింగినది చూచి మరల పెట్టవలెను. తొందరపడి పోసినచో ఊపిరితిత్తులలోనికి పోవును. ఒళ్లు చల్లగా నున్న వేళ ఎన్నడును పెట్టరాదు. వెచ్చబడిన పిమ్మటనే పెట్టవలెను. చల్లని కడుపులో ఆకు కుళ్లును.

తనంతట తినుట మొదలుపెట్టిన పిమ్మట ఆవాకు, మందారపు ఆకులు, పూలు, కంబళిచెట్టు ఆకులు, పచ్చగుమ్మడి తురుము, చిక్కుడుకాయ ముక్కలు, అరుదుగా బొప్పాయి, అత్తిపండు పెట్టవచ్చును. మందుచల్లని తోటలోనివై యుండవలెను. మందార పువ్వు ఎఱ్ఱగా కనబడిన వెంటనే అలిగిన ఇగ్వానా కూడ నోరు తెరచుట కలదు. పాలకూర మనకు మంచిదేగాని దీనికి తగదు. దానిలోని పులుపు ద్రవ్యము కాల్షియమును పట్టి యుంచి ఒంటికి అందనీయదు. క్యాబేజి దినదినము పెట్టరాదు. అవొకాడో విషతుల్యము. బలము వచ్చునని గ్రుడ్డు, మాంసము, కుక్కలకు పెట్టు మేత పెట్టువారు కలరు. అది దీని మూత్రపిండములను చెరచును. వైద్యులు చెప్పిన కొలతకు కాల్షియము పొడిని ఆకులపై చల్లవలెను. చెప్పినదానికంటె ఎక్కువ వేయుటయు కీడే.

మందులు, చూపు, చేతి స్పర్శ

మందులు వేళకు, కొలతకు ఇచ్చి వ్రాసియుంచవలెను. కొన్ని మందులు మూడు దినములకొకమారే ఇత్తురు. ఈ జీవముల దేహములో మందు మెల్లగా కరగును గనుక మధ్యలో మరియొకటి ఇచ్చిన అపాయము. సూదిమందును సాధారణముగా ముందుకాళ్ల వైపున వేయుదురు. వెనుకభాగపు రక్తము తిన్నగా మూత్రపిండముల మీదుగా పోవుటయే కారణము. నొప్పి తగ్గినట్లున్నదని మందు నడుమ మానరాదు. మన యింటి తలనొప్పి మాత్రలు ముక్కచేసి పెట్టుట ప్రాణాంతకము.

పసిబిడ్డ ఏడ్చి చెప్పును, కుక్క మూలుగును. ఇగ్వానా చెప్పదు. నొప్పి దాచుట అడవిలో దాని ప్రాణరక్షణ. అందుచే చిన్న గురుతులను చదువ నేర్వవలెను. రంగు చాలసేపు నల్లబడి యుండుట చలికి గాని, బాధకు గాని చిహ్నము. వెచ్చని దీపము క్రిందికి పోకుండుట, ఎవరు దగ్గరకు వచ్చినను తల యెత్తకుండుట మంచివి కావు. నోరు తెరచి ఊపిరి పీల్చుట, వ్రేళ్లు వణకుట, వెనుకకాళ్లు ఈడ్చుట వెంటనే వైద్యశాలకు పోవలసిన లక్షణములు. వ్రేళ్ల వణకు రక్తములో కాల్షియము తగ్గినందున కలుగును. తుమ్మి, ముక్కునుండి తెల్లని ఉప్పు చిమ్ముట మాత్రము జలుబు కాదు. ఒంటిలోని అధిక లవణమును అది అట్లే వెడలగొట్టును. నాలుక చాచి క్రొత్త ఆకును తాకుట, తన వెచ్చని చోటికి తానే నడచి పోవుట, మలము సరిగా వెడలుట కోలుకొను గురుతులు.

ఎత్తవలసివచ్చినచో ఒక చేయి రొమ్ము క్రిందను, ఒక చేయి తొడల క్రిందను ఉంచి, పొట్టపై నొక్కు పడకుండ ఎత్తవలెను. తోక పట్టి లాగరాదు, తెగిపోవును. తల నిమురగా కండ్లు మూసికొన్నచో సంతోషించుచున్నదని తలతుము. తన్ను విడువుమని కోరుచు మూసికొనుటయు కలదు. రోగిని పిల్లలు చుట్టు చేరి చూచుట, అస్తమానము ఎత్తుకొనుట మాన్పవలెను. పంజరమునకు మూడు ప్రక్కల గుడ్డ కప్పి యేకాంతము కల్పించుటయు శుశ్రూషలో భాగమే.

ఇంటివారి రక్షణ

బల్లిజాతి జంతువులు ఆరోగ్యముగా నున్నను వాని మలములో సాల్మొనెల్లా యను క్రిమి యుండవచ్చును. అది మనుష్యులకు జ్వరమును, విరేచనములను కలిగించును. పసిపిల్లలకు ప్రాణము మీదికి తెచ్చును. చిన్నతాబేళ్లను పిల్లలు నోట పెట్టుకొని జబ్బుపడుచుండుటచే అమెరికా ప్రభుత్వము 1975లో నాలుగంగుళములకు తక్కువైన తాబేళ్ల అమ్మకమును నిషేధించినది. ఐదేండ్లలోపు పిల్లలు, గర్భిణులు, వృద్ధులు, దీర్ఘరోగులు ఉన్న యింట ఇగ్వానాను చేర్చుకొనకుండుటయే ఉత్తమము. చేర్చుకొన్న యింట దానిని ముట్టిన ప్రతిమారును సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. దాని గిన్నెలు, గుడ్డలు వంటింటి తొట్టిలో కడుగరాదు. దాని త్రాసు, కత్తి, పిచికారి వేరుగా నుండవలెను. వంటచేయు గదిలోనికి దానిని రానీయరాదు. రోగిపై దయ వలన ఇంటి బిడ్డకు కీడు కలుగరాదు గదా.

చేరదీయుటకు ముందు

మన దేశమున నున్నవారు ఒక సంగతి మరువరాదు. ఉడుమును, ఊసరవెల్లిని పట్టి పెంచుట 1972 నాటి వన్యమృగ సంరక్షణ చట్టము ప్రకారము నేరము. గాయపడిన ఉడుము కనబడినచో అటవీశాఖవారికి తెలుపుటయే దానికి మేలు. ఇగ్వానా విదేశపు జంతువే యైనను అంతర్జాతీయ రక్షణ పట్టికలో చేరినది గనుక, 2024లో ఏర్పడిన నిబంధనల ప్రకారము దానిని ప్రభుత్వము వద్ద నమోదు చేయించవలెను.

పిల్లలు అంగడిలో జానెడు పచ్చబల్లిని చూచి మారాము చేసినప్పుడు తల్లి చేయవలసినది ఒకటే. ఐదడుగులు పెరిగిన పిమ్మట దీని చోటేది, ఇరువది యేండ్లు దీనికి ఆకు తరిగి పెట్టువారెవరు, ఆడదైనచో శస్త్రచికిత్సకు ధనమేది యని అడిగి, తృప్తికరమైన ఉత్తరము లేనిదే అంగడినుండి వెడలి రావలెను. ఎవరో విడిచిన దానిని తెచ్చుకొనుట వేరు మాట. తెచ్చుకొన్నచో దానికి చేయవలసినది పెద్ద విద్య కాదు: వేడి తగ్గనీయక, గాయము తడవనీయక, బరువు తూచి వ్రాసి, తొందరపడక కాచుకొనుట. జ్వరపు బిడ్డ ప్రక్కను కూర్చుండి తెల్లవార్లు నుదురు తాకి చూచిన తల్లులకు ఈ పని క్రొత్తది కాదు. ఆ యోపిక నుంచుకొన్న యింట, కుట్లు తీసిన దినమున ఆ జీవము తన దుంగ మీదికి తానే ఎక్కి కూర్చుండును.